యుద్ధం దాటివచ్చినవారి ఆర్థిక దృష్టి: ఉత్తర శ్రీలంక ఉదాహరణగా ఒక సమాధానం

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. హింసాత్మక సంఘర్షణను చవిచూసినవారు డబ్బు విషయంలో వెనుకాడేవారవుతారా, తెగించేవారవుతారా అన్నది మొదటిది. దీనిపై వచ్చిన పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని మీరు సరిగానే గమనించారు. శ్రీలంక ఉత్తర రాష్ట్రంలో యుద్ధం 2009లోనే ముగిసినా అక్కడి కుటుంబాలు వ్యాపారంలో పెట్టుబడికి జంకుతూ, బంగారం కొనడానికీ పిల్లలను విదేశాలకు పంపడానికీ మాత్రం అప్పు చేసైనా సిద్ధపడడం ఎందుకన్నది రెండవది. గ్రామీణ రుణాల రంగంలో చాలాకాలం పనిచేసి, తరువాత యుద్ధానంతర ప్రాంతాల జీవనోపాధి పథకాలను పరిశీలిస్తూ వచ్చినవాడిగా, అక్కడి కుటుంబాలపై మీరు చేయబోతున్న సర్వేకు ఉపయోగపడుతుందనుకున్నది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండవ ప్రశ్నకు సమాధానం దొరికితే మొదటి ప్రశ్నలోని చిక్కు చాలావరకు వీడిపోతుంది. యుద్ధం మనిషి స్వభావాన్ని ఎంత మారుస్తుందన్నది వాదించదగిన విషయమే గాని, ఏ ఆస్తి చేతిలో నిలుస్తుంది, ఎవరిని ఎంతవరకు నమ్మవచ్చు, ఎన్నేళ్ల ముందుకు ఆలోచించడం అర్థవంతం అన్న మూడు లెక్కలను మాత్రం అది నిస్సందేహంగా తిరగరాస్తుంది. బయటివారికి పిరికితనంగానో దుబారాగానో కనిపించేది చాలాసార్లు ఆ కొత్త లెక్క ఫలితమే.

ముందు పరిశోధనల సంగతి. బురుండిలో 1993 నుంచి 2005 వరకు సాగిన అంతర్యుద్ధం తరువాత, మార్టెన్ వూర్స్ బృందం గ్రామీణుల చేతికి నిజమైన డబ్బు ఇచ్చి కొన్ని ప్రయోగాలు చేసి, ఫలితాలను 2012లో ప్రచురించింది. హింసకు ఎక్కువగా గురైనవారు ఇరుగుపొరుగుకు ఎక్కువ పంచారు, నష్టభయం ఉన్న పందేల వైపు ఎక్కువగా మొగ్గారు, తరువాత వచ్చే పెద్ద మొత్తం కంటే వెంటనే దొరికే చిన్న మొత్తాన్ని కోరుకున్నారు. కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తరువాత చెలరేగిన హింసకు ముందూ వెనుకా సేకరించిన సమాధానాలను పోల్చిన పమేలా జాకీలా, ఓవెన్ ఓజియర్‌లకు దీనికి సరిగ్గా ఎదురు ఫలితం కనిపించింది. హింస తరువాత ప్రజలు నష్టభయానికి మరింత దూరంగా జరిగారు. మెక్సికోలో మాదకద్రవ్యాల ముఠాల హింస పెరిగిన సంవత్సరాలలో అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ కలిసి చేసిన అధ్యయనమూ ఇదే చెప్పింది. ఆఫ్ఘనిస్తాన్‌లో మైఖేల్ కాలెన్ బృందం మరో కోణం చూపింది. హింసకు గురైనవారిని ముందుగా ఏదైనా భయానక సంఘటన గుర్తుచేసుకోమని అడిగి, ఆ తరువాత పందెం ఎంచుకోమంటే, వారు కచ్చితంగా చేతికొచ్చే మొత్తానికి అసాధారణమైన విలువ ఇచ్చారు.

వీటిలో ఏది నిజమని అడిగితే సమాధానం రాదు, ఎందుకంటే ఇవి కొలిచిన మనుషులు, కాలాలు, సందర్భాలు వేరు. బురుండి ప్రయోగాలు పోరు ఆగిన కొన్నేళ్లకు, ఊళ్లలో స్థిరపడినవారితో జరిగాయి. ఆఫ్ఘనిస్తాన్‌లో బాంబులు పేలుతూనే ఉన్నాయి. పైగా యుద్ధం జరిగిన ఊరిలో మిగిలినవారు ఆ ఊరి జనాభాకు సరైన నమూనా కారు. నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు సాగిన సంఘర్షణపై చేసిన ఒక అధ్యయనం, హింస జరిగిన ఊళ్లలో పరస్పర సహకారం ఎక్కువగా కనిపించడానికి రెండు కారణాలు చెప్పింది: కలుపుగోలుతనం తక్కువ ఉన్నవారు ముందే ఊరు విడిచిపోవడం ఒకటి, మిగిలినవారు గత్యంతరం లేక ఒకరినొకరు పట్టుకుని నిలవడం రెండవది. ఇక నాకున్న అసలు అభ్యంతరం మరొకటి. ఒక రోజు కూలికి అటూ ఇటూగా ఉండే మొత్తంతో ఆడించిన పందెంలో తెగింపు చూపిన మనిషి, బోరు వేయించడానికో దుకాణం తెరవడానికో అదే తెగింపు చూపుతాడని అనుకోవడానికి ఆధారం లేదు. పందెంలో పోయేది ఆ పరిశోధకుడు ఇచ్చిన డబ్బే. బోరు విషయంలో పోయేది, ఇంతకుముందు ఒకసారి పోగొట్టుకుని మళ్లీ కూడబెట్టుకున్నది.

అందుకే ఉత్తర శ్రీలంకను కొంత వివరంగా చూడమంటాను. 1983లో మొదలైన యుద్ధంలో ఆ ప్రాంతం ఒక్కసారి కాదు, పదే పదే ఖాళీ అయింది. 1995 అక్టోబరు చివరలో సైన్యం జాఫ్నా పట్టణాన్ని సమీపించినప్పుడు కొద్ది రోజుల వ్యవధిలో లక్షలాది ప్రజలు ఇళ్లు వదిలి జాఫ్నా ద్వీపకల్పంలోనే తూర్పున ఉన్న తెన్మరాచ్చి వైపు, వారిలో చాలామంది అక్కడి నుంచి ద్వీపకల్పానికి దక్షిణంగా ఉన్న వన్ని ప్రాంతానికి నడిచారు. 1990 నుంచి, తమిళులకు ప్రత్యేక దేశం కోసం సైన్యంతో పోరాడుతున్న ఎల్టీటీఈ (తమిళ పులులు) ఆధీనంలోని ప్రాంతాలకు ఇంధనం, సిమెంటు, ఎరువులు, బ్యాటరీలు చేరకుండా ప్రభుత్వం ఆంక్షలు విధించింది. సిమెంటు దొరకని చోట పక్కా ఇల్లు కట్టాలన్న ఆలోచనే రాదు. ఎరువు, డీజిల్ లేని చోట రైతు తన అవసరానికి మించి వేయడు. ఇలాంటి నిర్ణయాలలో మనస్తత్వానికి ఉన్న వాటా తక్కువ. అయితే ఇవి పదేళ్లు, పదిహేనేళ్లు కొనసాగితే ఒక తరం పిల్లలు వాటినే సహజమైన ఆర్థిక జీవనంగా నేర్చుకుంటారు.

2002 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరి, ఏప్రిల్‌లో క్యాండీని జాఫ్నాతో కలిపే ఏ9 రహదారి తెరుచుకుంది. యుద్ధం మనుషులను శాశ్వతంగా భయస్తులను చేస్తుందన్న మాట నిజమైతే ఆ తరువాత నాలుగేళ్లలో పెద్దగా ఏమీ జరిగి ఉండకూడదు. జరిగింది వేరు. రహదారి పొడవునా దుకాణాలు, భోజనశాలలు వెలిశాయి, ప్రవాసులు వచ్చి పాత ఇళ్లను బాగుచేయించారు, బీడుపడిన పొలాలు మళ్లీ సాగులోకి వచ్చాయి. ఎల్టీటీఈ తన తనిఖీ కేంద్రాల వద్ద సరుకులపై పన్ను వసూలు చేస్తున్నా వర్తకం ఆగలేదు. అంటే పెట్టుబడి పెట్టే గుణం చచ్చిపోలేదు. అవకాశం కనిపించగానే లేచి నిలబడింది. ఆ పెట్టుబడికి దొరికిన ప్రతిఫలమే తరువాతి కాలాన్ని నిర్ణయించిందని నేననుకుంటాను. 2004 డిసెంబరు 26 సునామీ ముల్లైత్తీవు తీరాన్ని తుడిచిపెట్టింది, 2006 ఆగస్టులో రహదారి మూతపడింది, యుద్ధం మళ్లీ మొదలైంది. మొదటిసారి పోగొట్టుకున్నవాడు దానిని దురదృష్టం అనుకోవచ్చు. శాంతిని నమ్మి రెండవసారి పెట్టి పోగొట్టుకున్నవాడికి, శాంతి కూడా ఒక విరామమేనన్న అంచనా మిగులుతుంది. 2009 తరువాత శ్రీలంక దక్షిణ ప్రాంతపు వ్యాపార సంస్థలు ఉత్సాహంగా వచ్చి, స్థానికులు ఎందుకు కదలడం లేదని ఆశ్చర్యపోయినప్పుడు ఈ నాలుగేళ్ల చరిత్రను లెక్కలోకి తీసుకోలేదు.

2008 ద్వితీయార్ధం నుంచి 2009 మే వరకు వన్ని ప్రజలు చేసిన ప్రయాణం, ఆస్తుల విలువను మనిషి ఎలా నేర్చుకుంటాడో చూపించే క్రూరమైన పాఠం. కిళినొచ్చి నుంచి బయలుదేరినప్పుడు కుటుంబాలు ఇంటి కప్పు రేకులు, తలుపులు సైతం విప్పి ట్రాక్టర్లపై, సైకిళ్లపై వేసుకుని వెళ్లాయి. పుత్తుక్కుడియిరుప్పు దాటి తీరం వైపు నెట్టుకుపోతున్న కొద్దీ, ప్రతి మజిలీలోనూ కొంత వదిలేయవలసి వచ్చింది: ముందు పశువులు, ధాన్యం, తరువాత యంత్రాలు, వాహనాలు, చివరకు గిన్నెలు. ముళ్లివాయ్క్కాల్ వద్ద తీరపు ఇరుకు నేలపై చిక్కుకున్న చివరి వారాలలో బంగారం ఇచ్చి తిండిగింజలు తెచ్చుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ చివరి దశలో 40,000 మంది వరకు పౌరులు మరణించి ఉండవచ్చన్న అంచనాను ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో నమోదు చేసింది. ప్రాణాలతో బయటపడినవారిలో అత్యధికులు వవునియా సమీపంలోని మెనిక్ ఫామ్ శిబిరాలకు చేరారు. ఆ శిబిరం 2012 సెప్టెంబరులో గాని పూర్తిగా మూతపడలేదు. ఈ దారిలో నడిచినవారికి ఆస్తుల వరుసక్రమం ఏమిటో ఏ ఆర్థికశాస్త్ర గ్రంథమూ చెప్పనవసరం లేదు. కదలనిది ముందు పోతుంది, బరువైనది తరువాత పోతుంది, ఒంటిమీద ఉన్నది ఆఖరున పోతుంది, తలలో ఉన్నది మనిషితోపాటే ఉంటుంది.

బంగారం సంగతి ఇక్కడే చెప్పాలి. దానిని ‘సురక్షితమైనది కాబట్టి’ కొంటారన్నది సగం నిజమే. ఎల్టీటీఈ 1990ల ఆరంభంలో కుటుంబానికి రెండు కాసుల చొప్పున బంగారం వసూలు చేసింది. 1994 నుంచి అది నడిపిన బ్యాంకులో తాకట్టు పెట్టిన నగలు యుద్ధం ముగింపులో సైన్యం చేతికి వెళ్లాయి, వాటిలో కొన్నింటిని 2014 అక్టోబరులో గాని సొంతదారులకు ప్రభుత్వం తిరిగి ఇవ్వలేదు. కాబట్టి బంగారం పోదన్న భ్రమ అక్కడ ఎవరికీ లేదు. అయినా దానికి మూడు సుగుణాలు ఉన్నాయి. ఒకటి, కొంచెం కొంచెంగా విడదీసి వాడుకోవచ్చు. గాజులు తాకట్టు పెట్టి గొలుసు ఉంచుకోవచ్చు. రెండు, అది మనదేనని నిరూపించడానికి జనన ధ్రువపత్రమో భూమి పత్రమో అక్కర్లేదు, ఆ కాగితాలన్నీ దారిలోనే పోయినవారికి ఇది చిన్న విషయం కాదు. మూడు, బ్యాంకులో తాకట్టు పెట్టి సాయంత్రానికి నగదు తెచ్చుకోవచ్చు. బ్యాంకు అధికారులు తరచూ దీనిని ‘పనిచేయని పొదుపు’ అంటారు. శ్రీలంకలో తాకట్టు రుణాల వ్యాప్తి చూసినవారు ఆ మాట అనలేరు. ఆ నగలు ఇంటికీ బ్యాంకుకూ మధ్య తిరుగుతూనే ఉంటాయి. ఆఫ్ఘనిస్తాన్‌లో మొబైల్ ద్వారా డబ్బు దాచుకునే సౌకర్యంపై జరిగిన అధ్యయనంలోనూ ఇలాంటి ధోరణే తేలింది: హింసకు గురైనవారు ఫోను ఖాతాలో కంటే చేతిలో నగదు ఉంచుకోవడానికే మొగ్గారు. వ్యవస్థ కూలిన రోజున ఏది పనిచేస్తుందో చూసినవాడు వ్యవస్థపై ఆధారపడే పొదుపును వెనక వరుసలో పెడతాడు.

ఇల్లు, భూమి విషయంలో పరిస్థితి ఇంకా చిక్కు. శ్రీలంక చట్టం ప్రకారం పదేళ్లపాటు ఎదురులేకుండా ఒకరి భూమిని అనుభవించినవారు దానిపై హక్కు కోరవచ్చు. యుద్ధం వల్ల ఊరు వదిలి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు బయట గడిపినవారికి ఇది ఎంత ప్రమాదమో ఊహించండి. ఆ కాలాన్ని లెక్కనుంచి మినహాయించే ప్రత్యేక చట్టం 2016లో గాని రాలేదు. జాఫ్నా ఉత్తర తీరంలో, పలాలి విమానాశ్రయం చుట్టూ సైన్యం భద్రతా వలయంగా ప్రకటించిన భూములను ఏళ్ల తరబడి దశలవారీగా విడిచిపెడుతూ వచ్చారు. పత్రం ఉండి భూమి చేతిలో లేనివారు, భూమి చేతిలో ఉండి పత్రం లేనివారు ఒకే వీధిలో కనిపించే చోట, భూమిని హామీగా పెట్టి అప్పు తీసుకుని వ్యాపారం చేయమన్న సలహా ఎంత గాలిలోదో చెప్పనక్కర్లేదు. భారత ప్రభుత్వ సహాయంతో కట్టిన 50,000 ఇళ్ల పథకం మంచిదే. ఒక్కో కుటుంబానికి 5,50,000 శ్రీలంక రూపాయలు విడతలుగా ఇచ్చి సొంతంగా కట్టుకోమన్నారు. కాని ఒకేసారి వేలాది ఇళ్లు మొదలవడంతో ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి ధరలు పెరిగి, చాలా కుటుంబాలు మిగిలిన పనికి నగలు తాకట్టు పెట్టాయి, అప్పులు చేశాయి. ఎన్నోసార్లు ఇల్లు పోగొట్టుకున్న వ్యక్తి మళ్లీ అప్పు చేసి స్తోమతకు మించిన ఇల్లు ఎందుకు కడతాడని ఒక సహోద్యోగి నాతో వాదించారు. నాకు అందులో వింత కనిపించలేదు. ఆ ఇల్లు పెట్టుబడిగా కట్టినది కాదు. ఈ స్థలం మాది, మేము తిరిగి వచ్చాము అని ఊరికీ ప్రభుత్వానికీ చెప్పే ప్రకటనగా కట్టినది. అలాంటి చోట లాభనష్టాల లెక్కను విడిగా చూడడం పొరపాటు.

చెట్ల విషయం చాలామంది గమనించరు, కాని ఆర్థిక దృష్టిని కొలవడానికి నాకు తెలిసిన వాటిలో అది అత్యంత నమ్మదగిన కొలమానం. కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, తాటిచెట్టుకు అంతకంటే ఎక్కువ. ఉత్తర శ్రీలంకలో యుద్ధకాలంలో లెక్కలేనన్ని తాటిచెట్లు కందకాల కప్పులకు దుంగలుగా మారాయి. కొలంబియాలో సాయుధ ముఠాల నీడలో ఉన్న రైతులపై ఆనా మరియా ఇబాన్యెస్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం ప్రకారం, దాడి జరగకపోయినా కేవలం ముఠాల ఉనికి వల్లనే రైతులు బహువార్షిక పంటల నుంచి స్వల్పకాలిక పంటలకు, పశుగ్రాసానికి భూమిని మళ్లించారు. ఇది మన రాయలసీమ పాఠకులకు వివరించనవసరం లేని సంగతి. ముఠాకక్షలు ముదిరిన ఊళ్లలో ప్రత్యర్థి చీనీ తోటను రాత్రికి రాత్రి నరికివేయడం అనంతపురం, కడప జిల్లాలలో పరిచితమైన ప్రతీకారం. ఏళ్ల తరబడి నీళ్లు మోసి పెంచిన తోట ఒక్క రాత్రిలో పోతుందన్నప్పుడు వేరుశనగ వేసుకోవడం వెనుకబాటుతనం అనిపించుకోదు. అయితే జాఫ్నా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొద్ది నెలల్లో చేతికొచ్చే ఎర్ర ఉల్లి, మిరప, పొగాకు అక్కడ యుద్ధానికి ముందునుంచీ ప్రధాన పంటలే. కాబట్టి ఈనాటి పంటల సరళినంతా యుద్ధానికి అంటగట్టలేము. యుద్ధానికి ముందు లేని జంకు ఏదో, అప్పటికే ఉన్న వ్యవసాయ వివేకం ఏదో వేరుచేసి చూడాలి.

పిల్లలను విదేశాలకు పంపడం కోసం నగలు, పొలం అమ్ముకోవడం గురించి మీరు కొంచెం విమర్శగా రాశారు. దీనికి యూరప్ నుంచి ఒక బలమైన పోలిక ఉంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సరిహద్దులు మారి, పోలండ్ తూర్పు ప్రాంతాల నుంచి బలవంతంగా తరలించబడిన కుటుంబాల వారసులను సాషా బెకర్ బృందం పరిశీలించి 2020లో ప్రచురించింది. ఆ వారసులు ఇతర పోలండ్‌వాసుల కంటే సగటున దాదాపు ఒక సంవత్సరం ఎక్కువ చదువుకున్నారు. భూమికీ వస్తువులకూ ఇచ్చే విలువ తగ్గి, ఎవరూ లాక్కోలేని చదువుకు ఇచ్చే విలువ పెరిగిందన్నది వారి వివరణ. జాఫ్నాలో చదువుపై మక్కువ యుద్ధానికి ఎంతో ముందునుంచీ ఉన్నది, 1970ల ఆరంభంలో విశ్వవిద్యాలయ ప్రవేశాలలో తమిళ విద్యార్థులకు సీటు కోసం ఎక్కువ మార్కులు కావలసివచ్చేలా మార్కుల సవరణ విధానం తెచ్చినప్పుడు అంత ఆగ్రహం పుట్టడానికి కారణమూ అదే. యుద్ధం ఆ మక్కువకు మరొక పొర చేర్చింది: చదువుతోపాటు చదివిన మనిషి కూడా దేశం బయట ఉండాలి. కుటుంబంలో ఒకరు టొరంటోలోనో లండన్‌లోనో ఉంటే, ఇక్కడ ఏం జరిగినా ఆదాయం మొత్తం ఒకేసారి ఆగిపోదు. బ్యాంకులు మూతపడిన కాలంలోనూ ‘ఉండియల్’ అని అక్కడ పిలిచే హవాలా మార్గంలో డబ్బు వచ్చింది. విదేశాలకు పంపే ఏజెంటుకు ఇచ్చే సొమ్మును ఖర్చుగా రాసుకునే సర్వే ఆ కుటుంబాన్ని అర్థం చేసుకోలేదు. ఆ కుటుంబం లెక్కలో అది బీమా.

ఇతరులపై నమ్మకం విషయంలో పరిశోధనలు సాధారణంగా ఆశాజనకంగా ఉంటాయి. సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 వరకు సాగిన యుద్ధంలో ఎక్కువగా నష్టపోయిన కుటుంబాలవారు ఊరి సమావేశాలకు ఎక్కువగా వస్తున్నారని, ఓటు ఎక్కువగా వేస్తున్నారని తేలింది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష కూడా 2016లో ఇదే దిశ చూపింది. అయితే ఆ సహకారం ఎంత దూరం వరకు పోతుందన్నది చూడాలి. తజికిస్తాన్‌లో 1992–97 మధ్య పక్కింటివారితో పక్కింటివారు పోరాడిన చోట జరిపిన అధ్యయనం చెప్పేది వేరు. అక్కడ స్థానికుల మధ్య నమ్మకం తగ్గింది, ముక్కూముఖం తెలియనివారితో వ్యాపారం చేయడానికి జనం వెనుకాడారు, బంధుత్వపు కట్టుబాట్లు బిగుసుకున్నాయి. ఉత్తర శ్రీలంకలో ఈ రెండూ ఉన్నాయి. బంధువుల మధ్య చీటీలు చక్కగా నడుస్తాయి. బంధుత్వం దాటిన భాగస్వామ్య వ్యాపారం అరుదు. తమిళ సంస్థల మధ్యే జరిగిన హత్యలు, చివరి సంవత్సరాలలో ఇంటికొకరిని చొప్పున ఎల్టీటీఈ బలవంతంగా చేర్చుకోవడం, ఎవరు ఎవరికి సమాచారం ఇచ్చారన్న అనుమానాలు, ఇవన్నీ ఒకే ఊరిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతకవలసినవారి మధ్య జరిగాయి. అయినా సహకార సంఘం పెట్టండి అన్న సలహా ప్రతి నివేదికలోనూ కనిపిస్తుంది.

1990 అక్టోబరులో ఎల్టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ముస్లింల అనుభవం ఇంకొకటి. 70,000 మందికి పైగా ప్రజలను కొద్ది గంటల, కొద్ది రోజుల వ్యవధిలో పంపేశారు; జాఫ్నా నుంచి వెళ్లినవారిని కొద్ది వందల రూపాయలు తప్ప నగదు గాని నగలు గాని తీసుకుపోనివ్వలేదు. పైన చెప్పిన ఆస్తుల వరుసక్రమం వీరికి వర్తించదు, ఒంటిమీద నగ కూడా మిగలలేదు కాబట్టి. శ్రీలంక పశ్చిమ తీరంలోని పుత్తళం జిల్లాలో రెండు దశాబ్దాలు గడిపిన ఈ కుటుంబాలలో చాలామంది యుద్ధం ముగిశాక ఉత్తరంలో మళ్లీ పేరు నమోదు చేయించుకుంటూనే పుత్తళంలో ఇల్లు ఉంచుకున్నారు. రెండు చోట్ల ఇల్లు నడపడం ఖర్చుతో కూడినది, దానివల్ల ఎక్కడా వ్యాపారం పూర్తిస్థాయిలో పెరగదు. కొందరు అధికారులు దీనిని రెండు చోట్లా లబ్ధి పొందే ఎత్తుగడగా చూశారు. ఒకసారి సాయంత్రంలోగా ఖాళీ చేయమని విన్నవారు రెండవ ఇల్లు ఎందుకు వదులుకుంటారో వారికి తట్టలేదు.

ఒకే హింస అందరికీ ఒకే పాఠం నేర్పదు అనడానికి మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1980లు, 90లలో ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఎర్రజెండాలు పాతిన భూములు పడావు పడ్డాయి, భూస్వామి కుటుంబాలు హైదరాబాద్‌కు తరలి, వారి పెట్టుబడి కూడా నగరానికి చేరింది. అదే కాలంలో ఆదిలాబాద్ అడవులలో తునికాకు కట్టకు రేటు పెరిగింది, కూలి రేట్లు పెరిగాయి. ఎన్‌కౌంటర్ల భయం, పోలీసు దాడుల భయం ఆ కూలి కుటుంబాలను వదలలేదు. అయినా బేరమాడితే రేటు పెరుగుతుందన్న జ్ఞానం కూడా ఆ సంవత్సరాలలోనే వారికి వచ్చింది. ‘ఈ జిల్లాలో ఇన్ని హింసాత్మక సంఘటనలు’ అని అంకె పెట్టి దానికీ పెట్టుబడికీ సంబంధం వెతికేవారికి ఈ తేడా కనిపించదు.

అప్పుల విషయం నాకు బాగా తెలిసినది కాబట్టి కొంచెం కటువుగా చెబుతాను. 2009 తరువాత రహదారులు తెరుచుకోగానే లీజింగు కంపెనీలు, సూక్ష్మరుణ సంస్థలు ఉత్తర, తూర్పు ప్రాంతాలకు పోటీపడి వచ్చాయి. ఇంటి యజమాని మరణించిన, లేదా జాడ తెలియని కుటుంబాల స్త్రీలకు వారం వారం కిస్తీలతో అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి మరొకటి తీసుకోవడం మామూలైంది. చివరకు 2018లో, కరవు బారిన పడిన 12 జిల్లాలలోని స్త్రీలకు లక్ష రూపాయల లోపు సూక్ష్మరుణాలను ప్రభుత్వమే మాఫీ చేసి, వడ్డీకి 35 శాతం పరిమితిని ప్రకటించవలసి వచ్చింది. యుద్ధబాధితులు భవిష్యత్తును పట్టించుకోరు, అందుకే అధిక వడ్డీకి ఎగబడ్డారు అన్న వివరణ ఆ రోజుల్లో విన్నాను. బురుండి ఫలితాన్ని పైపైన చదివితే అది నిజమే అనిపిస్తుంది. కాని హామీ అడగని, పత్రం అడగని, ఇంటి గుమ్మం దగ్గరకే వచ్చే డబ్బు అదొక్కటే అయినప్పుడు దానిని తీసుకోవడాన్ని అసహనం అనలేము. రేపు ఎలా ఉంటుందో తెలియని స్త్రీ చేత ఏడాది పొడవునా వారానికొకసారి తప్పకుండా కట్టాలన్న ఒప్పందం మీద సంతకం చేయించినవారి దూరదృష్టిని ప్రశ్నించడం సబబు.

2022 సంక్షోభం ఈ చర్చకు ఎవరూ కోరని పరీక్ష పెట్టింది. శ్రీలంక ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపివేసింది, రూపాయి విలువ కొద్ది నెలల్లో దాదాపు సగానికి పడిపోయింది, సెప్టెంబరు నాటికి ధరల పెరుగుదల 70 శాతానికి చేరువైంది. బ్యాంకులో రూపాయలు దాచుకున్న దక్షిణ శ్రీలంక మధ్యతరగతి పొదుపు కరిగిపోయింది. నగలున్నవారు, విదేశాల నుంచి డాలర్లు అందేవారు తట్టుకున్నారు. యుద్ధం నేర్పిన అలవాట్లు కాలం చెల్లినవని, శాంతికాలంలో వాటిని వదిలించాలని అప్పటివరకు శిక్షణ కార్యక్రమాలలో బోధించినవారికి ఆ తరువాత ఆ మాట చెప్పడం కష్టమైంది.

ఇంత చెప్పినా, అంతా లెక్కే, గాయం ఏమీ లేదు అనడం నా ఉద్దేశం కాదు. కొలంబియాలో ఊళ్లు విడిచిన కుటుంబాలపై ఆండ్రెస్ మోయా చేసిన పని ఈ విషయంలో నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. తీవ్రమైన హింసను చూసి మానసికంగా దెబ్బతిన్నవారిలో నష్టభయం పెరిగిందని ఆయన చూపారు. మైఖేల్ కార్టర్‌తో కలిసి చేసిన మరో అధ్యయనంలో, అలాంటివారు పేదరికం నుంచి బయటపడతామన్న ఆశనే తగ్గించుకున్నారని, అది వారి ఆస్తులలో వచ్చిన నష్టంతో మాత్రమే వివరించగలిగేది కాదని తేల్చారు. లెక్కకూ గాయానికీ తేడా ఆచరణలో ఇలా తెలుస్తుంది: పరిస్థితి మారితే లెక్క మారుతుంది, 2002లో వన్నిలో మారినట్టు. గాయం ఉన్నచోట అవకాశం ఎదురుగా ఉన్నా చేయి కదలదు. మొదటిదానికి భూమి పత్రాలు, బీమా, సరళమైన రుణ నిబంధనలు పనికొస్తాయి. రెండవదానికి అవి చాలవు, మానసిక వైద్యం కావాలి, అది ఉత్తర రాష్ట్రంలో ఎప్పుడూ అవసరానికి తగినంత లేదు. రెండింటికీ కలిపి ‘వ్యాపార నైపుణ్య శిక్షణ’ ఇవ్వడం డబ్బు వృథా.

మీ సర్వే ప్రశ్నావళి గురించి. ‘మీరు హింసకు గురయ్యారా’ అన్న ప్రశ్నను తీసివేయండి. ఏ సంవత్సరంలో ఏమి పోయింది, ఎవరి చేతిలో పోయింది, అందులో ఏదైనా తిరిగి వచ్చిందా అని విడివిడిగా అడగండి. సైన్యం తీసుకున్న భూమికీ, పక్కింటివారు ఆక్రమించిన భూమికీ, బాంబుకు కూలిన ఇంటికీ మనిషి వేరు వేరు పాఠాలు నేర్చుకుంటాడు. 2002–06 మధ్య ఏమైనా కట్టారా, కొన్నారా, నాటారా అన్నది తప్పక అడగండి, నా అనుమానం ప్రకారం మీకు దొరికే అతి పెద్ద తేడా అక్కడే ఉంటుంది. పందెం ఆటలు పెడితే ప్రశ్నావళిలో యుద్ధం ప్రస్తావన రాకముందే పెట్టండి. ఆఫ్ఘన్ ఫలితం చూశాక దీనిని విస్మరించడానికి సాకు లేదు. పెరట్లో గత పదేళ్లలో నాటిన కొబ్బరి, మామిడి, తాటి మొక్కలను లెక్కపెట్టించండి. చివరగా, ఊళ్లో ఇవాళ ఉన్నవారితోనే సరిపెట్టకుండా వవునియాలో, పుత్తళంలో, వీలైతే తమిళనాడు శరణార్థి శిబిరాలలో ఉన్న అదే ఊరివారిని కొందరినైనా కలవండి. వారు లేకపోతే మీకు వచ్చే సగటు, తిరిగి రాగలిగినవారి సగటు మాత్రమే అవుతుంది, దానిని యుద్ధ ప్రభావం అని పిలవడానికి వీలుండదు.